హెడర్‌లో రాయని విలువకు అర్థం ఎవరు చెప్పాలి?

ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు చేరవేసే బ్రోకర్ అనే రకం సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన రాబిట్ఎంక్యూ 4.2 వెర్షన్‌లో ఒక చిన్న మార్పు వచ్చింది. ఏఎంక్యూపీ 1.0 ప్రోటోకాల్‌లో వచ్చిన మెసేజ్‌కు, దాన్ని ఎలా మోయాలో చెప్పే హెడర్ భాగమే లేకపోతే, అంతకుముందు ఆ బ్రోకర్ దాన్ని డ్యూరబుల్ మెసేజ్‌గా, అంటే బ్రోకర్ ఆగి మళ్లీ లేచినా పోకూడనిదిగా తీసుకునేది. 4.2 నుంచి డ్యూరబుల్ కానిదిగా తీసుకుంటోంది. పంపే ప్రోగ్రాంలో ఒక్క లైనూ మారలేదు, వైరు మీద వెళ్లే బైట్లూ అవే. అర్థం మాత్రం తలకిందులైంది.

పంపేవాళ్లు రాయకుండా వదిలేసిన విలువను ఎవరు పూరించాలన్నది మెసేజింగ్‌లో చాలా పాత ప్రశ్న. ప్రోటోకాల్ ఒకటి చెబుతుంది, క్లయింట్ లైబ్రరీ ఇంకొకటి అనుకుంటుంది, బ్రోకర్ తన లెక్క తాను వేసుకుంటుంది. ముగ్గురి లెక్కా కలిసినంత కాలం ఈ విషయం ఎవరి కంటా పడదు. కలవని రోజున మెసేజ్ పోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. టెన్షన్ పెట్టేది ఈ రెండో సంగతే.

కాటా గది నుంచి లెక్కల ఆఫీసు దాకా

విషయం గాల్లో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. చిత్తూరు జిల్లాలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉందనుకోండి. సీజన్‌లో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరుతాయి. ఒక్కో ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది. బరువు తేలగానే కాటా గదిలోని కంప్యూటర్ ఒక మెసేజ్ తయారు చేస్తుంది: టోకెన్ నంబరు, రైతు పేరు, నికర బరువు. తిరుపతిలోని లెక్కల ఆఫీసులో ఇంకో ప్రోగ్రాం ఆ మెసేజ్ అందుకుని రైతు ఖాతాలో రాస్తుంది.

ఈ రెండు ప్రోగ్రాంలూ నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో బ్రోకర్ ఉంటుంది. వచ్చిన మెసేజ్‌లను క్యూలో పెట్టి, అవతలివైపు అడిగినప్పుడు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. రాబిట్ఎంక్యూ, యాక్టివ్ఎంక్యూ ఆర్టెమిస్ లాంటివి బ్రోకర్లు. కాటా గది ప్రోగ్రాం బ్రోకర్‌తో మాట్లాడటానికి వాడుకునే రెడీమేడ్ కోడే క్లయింట్ లైబ్రరీ. ఇద్దరూ ఏ వరుసలో ఏ బైట్లు పంపుకోవాలో చెప్పే ఒప్పందం ప్రోటోకాల్. మనం మాట్లాడుకుంటున్న ఏఎంక్యూపీ 1.0 అలాంటి ఒప్పందమే. అది 2012లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా వెలువడింది.

పోయే మెసేజ్ ఖరీదు ఎంతో కూడా చూద్దాం. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం తరఫున మరో 4 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కన 4,200 కిలోల లోడుకు రైతుకు రావాల్సింది 50,400 రూపాయలు, అందులో ప్రభుత్వం వాటా 16,800. ఆ ఒక్క మెసేజ్ దారిలో పోతే, ఎవరో ఒకరు కాగితం చీటీలు తిరగేసి పోల్చి చూసేదాకా ఆ లోడు లెక్కల్లో ఉండదు.

హెడర్‌లో ఉండే ఐదు గడులు

మెసేజ్‌లో బరువు, టోకెన్ లాంటి అసలు సంగతి బాడీలో ఉంటుంది. దాన్ని ఎలా మోయాలో చెప్పే సూచనలు హెడర్‌లో ఉంటాయి. ఏఎంక్యూపీ 1.0 హెడర్‌లో ఐదు ఫీల్డులున్నాయి.

మొదటిది డ్యూరబుల్. బ్రోకర్ హఠాత్తుగా ఆగిపోయి మళ్లీ లేచినా ఈ మెసేజ్ పోకూడదని చెప్పే గుర్తు. రాయకపోతే ‘కాదు’ అని అర్థం. రెండోది ప్రయారిటీ, అంటే ఏది ముందు వెళ్లాలన్నది. రాయకపోతే 4. మూడోది టీటీఎల్, మెసేజ్ ఎన్ని మిల్లీసెకన్లపాటు చెల్లుతుందన్నది. దీనికి డిఫాల్ట్, అంటే రాయకపోతే వర్తించే విలువ, లేదు; రాయకపోతే గడువే లేదు. మిగతా రెండూ పంపే ప్రోగ్రాం సాధారణంగా ముట్టుకోనివి: ఈ మెసేజ్‌ను ఇంతకుముందు ఇంకెవరైనా తీసుకున్నారా లేదా అన్నది ఒకటి, ఎన్నిసార్లు అందించబోయి విఫలమయ్యారన్న లెక్క ఇంకొకటి. వాటి డిఫాల్టులు ‘కాదు’, సున్నా.

హెడర్ భాగం మొత్తాన్నీ వదిలేసినా మెసేజ్ చెల్లుతుంది. అప్పుడు అందుకునేవాళ్లు పై డిఫాల్టులనే అనుకోవాలని ప్రమాణం చెబుతుంది. అయితే ఆ వాక్యానికి ఒక తోక ఉంది: ఆ క్యూకు ప్రత్యేకంగా వేరే డిఫాల్టులు పెట్టి ఉండకపోతేనే. చిక్కంతా ఆ తోకతోనే మొదలవుతుంది.

ఖాళీగా వదలడం వేరు, ‘కాదు’ అని రాయడం వేరు

బ్యాంకు ఫారంలో నామినీ గడి ఖాళీగా వదిలితే గుమాస్తా మళ్లీ అడుగుతాడు. ‘వద్దు’ అని రాస్తే అడగడు. హెడర్‌లోనూ అంతే. డ్యూరబుల్ గడిలో నిజానికి మూడు స్థితులున్నాయి: అవును, కాదు, ఏమీ రాయలేదు.

ఏమీ రాయకపోతే నిర్ణయం అవతలివాళ్లది. ‘కాదు’ అని రాస్తే నిర్ణయం అయిపోయినట్టే. కాటా క్యూకు ‘ఇక్కడికి వచ్చేవన్నీ డ్యూరబుల్’ అని బ్రోకర్‌లో ఎవరో నియమం పెట్టారనుకోండి. ఖాళీగా వచ్చిన మెసేజ్‌కు ఆ నియమం వర్తిస్తుంది. ‘కాదు’ అని స్పష్టంగా రాసుకొచ్చిన మెసేజ్‌కు వర్తించకూడదు.

చాలా లైబ్రరీల్లో ఈ తేడా తెలియకుండానే చెరిగిపోతుంది. కారణం చాలా మామూలుది. హెడర్ కోసం ఒక క్లాస్ రాస్తారు, అందులో డ్యూరబుల్‌ను ఒట్టి బూలియన్‌గా పెడతారు. బూలియన్‌కు రెండే స్థితులు. మూడో స్థితికి చోటు ఉండదు కాబట్టి, ప్రోగ్రామర్ ముట్టుకోని గడి కూడా ‘కాదు’గా మారిపోతుంది.

ఇంకో మెలిక ఏఎంక్యూపీ 1.0 బైట్ల వరుసలో ఉంది. హెడర్ ఒక జాబితా. ఫీల్డుల పేర్లు వైరు మీద వెళ్లవు, స్థానాన్ని బట్టే ఏది ఏదో తెలుస్తుంది. జాబితా చివర ఉన్న ఖాళీలను కోసేయొచ్చు, మధ్యలో ఉన్నవాటిని కోయడానికి లేదు. కాటా ప్రోగ్రాం ప్రయారిటీ 7 మాత్రమే పెట్టిందనుకోండి. ప్రయారిటీ రెండో స్థానం. మొదటి స్థానంలో ఏదో ఒకటి రాయక తప్పదు: ‘ఖాళీ’ అని గానీ, ‘కాదు’ అని గానీ. రెండూ ఒక్కో బైటే. ఆదా ఏమీ లేదు, అర్థం మాత్రం వేరు. ‘ఖాళీ’ రాయాల్సిన చోట ‘కాదు’ రాసే లైబ్రరీతో ఒక విచిత్రం జరుగుతుంది. ప్రయారిటీ పెట్టిన మెసేజ్‌లకు క్యూ నియమం వర్తించదు, ప్రయారిటీ పెట్టని వాటికి వర్తిస్తుంది. ప్రయారిటీ మారిస్తే మన్నిక ఎందుకు మారిందో తెలుసుకోవడానికి ప్యాకెట్లు విప్పి చూడాల్సి వస్తుంది.

ఒకే గడికి ఊరికో డిఫాల్ట్

ఒకే ప్రోటోకాల్ ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. కానీ లైబ్రరీ పైవైపు ఒక భాష, కిందివైపు ఇంకో భాష మాట్లాడుతుంటుంది. జావా లోకంలో ప్రోగ్రాంలు మెసేజ్‌లు పంపడానికి పిలిచే జేఎంఎస్ ఇంటర్‌ఫేస్ ఉంది. అందులో ఏమీ చెప్పకుండా పంపితే మెసేజ్ పర్సిస్టెంట్, అంటే పోకూడనిది. ఏఎంక్యూపీ 1.0లో ఏమీ చెప్పకపోతే డ్యూరబుల్ కాదు. ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. జేఎంఎస్ పిలుపులను ఏఎంక్యూపీ బైట్లుగా మార్చే లైబ్రరీ, ప్రోగ్రామర్ నోరెత్తకపోయినా డ్యూరబుల్‌ను ‘అవును’ అని రాసి పంపాల్సిందే. అలా పంపడమే అక్కడ సరైన పని.

రాబిట్ఎంక్యూలో ఎక్కువమంది వాడే ఏఎంక్యూపీ 0-9-1లో ఈ గుర్తు పేరు డెలివరీ మోడ్. 1 అంటే తాత్కాలికం, 2 అంటే పర్సిస్టెంట్. రాయకపోతే తాత్కాలికమే. అదే ప్రోటోకాల్ మీద కట్టిన స్ప్రింగ్ ఏఎంక్యూపీ లైబ్రరీ మాత్రం తన డిఫాల్టుగా పర్సిస్టెంట్ పెట్టుకుంది. పైథాన్‌లో పికా లైబ్రరీ వాడితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది, కావాలంటే మీరే రాసుకోవాలి. కాటా గదిలో జావా ప్రోగ్రాంను పైథాన్‌లోకి మార్చి రాసిన కుర్రాడు ప్రతి లైనూ సరిగ్గానే రాసి ఉండొచ్చు. పాత ప్రోగ్రాంలో లైబ్రరీ నోరు మూసుకుని చేసిపెట్టిన పని ఒకటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ప్రయారిటీ కథ దీనికంటే చిన్నది. జేఎంఎస్‌లోనూ ఏఎంక్యూపీ 1.0లోనూ డిఫాల్ట్ 4. రాబిట్ఎంక్యూ ప్రయారిటీ క్యూల్లో 0-9-1 మెసేజ్‌కు ప్రయారిటీ రాయకపోతే సున్నా. 4 అంటే మామూలు అనుకుని పంపే ప్రోగ్రాం, ఏమీ రాయని ప్రోగ్రాం ఒకే క్యూలోకి పంపితే, రెండోదాని మెసేజ్‌లు ఎప్పుడూ వెనకబడతాయి. రాబిట్ఎంక్యూ 4.0లో కోరం క్యూల్లో, అంటే మెసేజ్‌లను పలు సర్వర్లలో నకలు పెట్టే క్యూల్లో, 0 నుంచి 4 వరకు అన్నింటినీ ‘మామూలు’ కిందే లెక్కేశారు కాబట్టి అక్కడ ఈ బాధ లేకపోయింది.

సున్నా: ఎప్పటికీనా, వెంటనేనా?

టీటీఎల్ విషయంలో తేడా ఇంకా ప్రమాదకరం. జేఎంఎస్‌లో డిఫాల్ట్ సున్నా. సున్నా అంటే మెసేజ్‌కు గడువు లేదు, ఎంతకాలమైనా ఉండొచ్చు. రాబిట్ఎంక్యూ 0-9-1లో గడువు గడిలో సున్నా రాస్తే, క్యూలోకి చేరిన క్షణంలోనే అందుకునేవాళ్లు సిద్ధంగా ఉంటే సరి, లేకపోతే మెసేజ్ గడువు తీరిపోయినట్టే. ఒకే అంకె, ఒకచోట ‘ఎప్పటికీ’, ఇంకోచోట ‘ఇప్పుడే’.

ఈ రెండింటి మధ్య వంతెనలా పనిచేసే లైబ్రరీని ఊహించుకోండి. జేఎంఎస్ వైపు నుంచి సున్నా వచ్చింది. దాన్ని అలాగే కాపీ చేస్తే, తిరుపతి ఆఫీసు ప్రోగ్రాం భోజన విరామంలో రీస్టార్ట్ అవుతున్న ఆ కాసేపట్లో వచ్చిన కాటా మెసేజ్‌లన్నీ మాయమవుతాయి. ఆఫీసు ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు ఏ సమస్యా కనిపించదు. టెస్టింగ్‌లో రెండు వైపులా ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి అక్కడా దొరకదు. సరైన మార్పిడి ఏమిటంటే, సున్నా వస్తే గడువు గడిని పూర్తిగా వదిలేయడం. ‘లేదు’ అన్న దాన్ని ‘లేదు’గానే దాటించాలి, అంకెగా మార్చకూడదు.

జేఎంఎస్‌లోనే ఇంకో పాత ఉచ్చు ఉంది. మెసేజ్ మీద నేరుగా ప్రయారిటీని, డెలివరీ మోడ్‌ను పెట్టే మెథడ్‌లు కనిపిస్తాయి. ప్రోగ్రామర్ వాటిని పిలిచి, పని అయిపోయిందనుకుంటాడు. కానీ పంపేటప్పుడు ప్రొడ్యూసర్‌లో, అంటే మెసేజ్‌లు పంపే ఆబ్జెక్టులో, ఉన్న విలువలే గెలుస్తాయి, మెసేజ్ మీద పెట్టినవి చెరిగిపోతాయి. కంపైలర్ ఏమీ అనదు. మెసేజ్ 4 ప్రయారిటీతో నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది.

లైబ్రరీ రాసేవాళ్ల వాదనలు

ఇక్కడ నిజాయితీగా భిన్నాభిప్రాయాలున్నాయి, ఏదీ తీసిపారేసేది కాదు.

కొందరిది ప్రమాణాన్ని యథాతథంగా పాటించాలన్న పట్టుదల. ప్రోగ్రామర్ పెట్టనిది లైబ్రరీ పంపకూడదు, పెట్టినది ఆపకూడదు. దీనివల్ల వేరువేరు భాషల్లోని లైబ్రరీలు ఒకేలా ప్రవర్తిస్తాయి, క్యూ నియమాలు పనిచేస్తాయి, ఏం జరిగిందో ప్రమాణం చదివి చెప్పొచ్చు. దీని బలహీనత కొత్తగా చేరినవాళ్ల దగ్గర బయటపడుతుంది. వాళ్లు ప్రమాణం చదవరు. పంపిన మెసేజ్ భద్రంగా ఉంటుందనే అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకొందరు భద్రమైన విలువనే డిఫాల్టుగా పెట్టాలంటారు. రాబిట్ఎంక్యూ బృందం తన సొంత ఏఎంక్యూపీ 1.0 లైబ్రరీల్లో ఈ దారే పట్టింది. బ్రోకర్‌ను ప్రమాణానికి తగ్గట్టు మార్చి, డ్యూరబుల్ అని రాసే బాధ్యతను లైబ్రరీకి అప్పజెప్పింది. నాకు ఇది మంచి పంపకంగా అనిపిస్తుంది. బ్రోకర్ ఊహించడం కంటే లైబ్రరీ పైకి రాసి పంపడం మేలు, ఎందుకంటే రాసినది ప్యాకెట్‌లో కనిపిస్తుంది, ఊహ కనిపించదు.

అలాగని ‘ఎప్పుడూ డ్యూరబుల్’ అన్నది ఉచితంగా వచ్చేది కాదు. డిస్క్ మీద రాయాలంటే సమయం పడుతుంది. అదీగాక ప్రమాణంలో ఒక కఠినమైన మాట ఉంది: ఆ హామీ నిలబెట్టుకోలేని చోటు, డ్యూరబుల్ గుర్తున్న మెసేజ్‌ను అసలు ఒప్పుకోకూడదు. అందువల్ల డిస్క్ లేకుండా మెమరీలో మాత్రమే పనిచేసే గమ్యానికి పంపితే మెసేజ్ తిరస్కారానికి గురవ్వొచ్చు. ఫ్యాక్టరీ కోల్డ్ రూంలో సెన్సర్ క్షణక్షణం పంపే ఉష్ణోగ్రతకు డ్యూరబుల్ అవసరమే లేదు. ఇప్పుడు పోయినా మరుక్షణం ఇంకోటి వస్తుంది. కాటా బరువుకు అది తప్పనిసరి. ఏది ఏదో లైబ్రరీకి తెలియదు, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకే తెలుసు.

అన్ని గడులనూ ప్రతిసారీ పూర్తిగా రాసి పంపాలనే వాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద వచ్చే మొదటి అభ్యంతరం బైట్ల వృథా. లెక్కేసి చూద్దాం. హెడర్ వదిలేస్తే సున్నా బైట్లు. డ్యూరబుల్ ‘అవును’ ఒక్కటే రాస్తే 7 బైట్లు. దానికి ప్రయారిటీ 4 కూడా చేరిస్తే 9. గడువును ఖాళీగా గుర్తించి, మిగతా నాలుగూ డిఫాల్ట్ అంకెలతో సహా రాసినా 12 దాటదు. పది లక్షల మెసేజ్‌లకు కోటీ ఇరవై లక్షల బైట్లు, అంటే ఫోన్‌లో తీసిన నాలుగైదు ఫొటోలంత. కాటా గదికి ఇది లెక్కలోది కాదు. బ్యాటరీ మీద నడిచే చిన్న సెన్సర్లకు, నిమిషానికి లక్షల మెసేజ్‌లు పంపేవాళ్లకు లెక్కలోదే. అసలు అభ్యంతరం బైట్లు కాదు, ముందు చెప్పుకున్నదే: అన్నీ రాసేస్తే క్యూ నియమాలకు చోటు మిగలదు.

అందుకునే వైపు లైబ్రరీ ఏం చెప్పాలి

చర్చంతా పంపే వైపే జరుగుతుంది గానీ, చదివే వైపు కూడా అంతే ముఖ్యం. తిరుపతి ఆఫీసు ప్రోగ్రాం ‘ఈ మెసేజ్ ప్రయారిటీ ఎంత?’ అని అడిగితే, హెడర్ లేని మెసేజ్‌కు లైబ్రరీ ‘4’ అని చెప్పడం సబబే. మామూలు వాడకానికి అదే కావాలి. కానీ అదే ప్రోగ్రాం మెసేజ్‌ను ఇంకో క్యూకు పంపబోతే ‘4 అని రాసి ఉందా, మనమే అనుకున్నామా?’ అన్న ప్రశ్నకూ జవాబు కావాలి. రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబిచ్చే లైబ్రరీ మంచి లైబ్రరీ: విలువ అడిగితే డిఫాల్టుతో సహా చెప్పేది ఒకటి, రాసి ఉందో లేదో చెప్పేది ఇంకొకటి.

డేటాను బైట్లుగా మార్చి పంపడానికి వాడే గూగుల్ ప్రోటోబఫ్ ఈ దారిలోనే తిరిగి వచ్చింది. రెండో తరంలో ‘ఈ గడి రాసి ఉందా’ అని అడిగే వీలుండేది. మూడో తరంలో మామూలు అంకెల గడులకు దాన్ని తీసేశారు. సున్నా రాసినా, ఏమీ రాయకపోయినా ఒకేలా కనిపించేది. వాడేవాళ్లు ఇబ్బంది పడ్డారు. చివరికి 2021లో 3.15 వెర్షన్‌తో ‘ఆప్షనల్’ అనే మాట మళ్లీ అందరికీ అందుబాటులోకి వచ్చింది.

మెసేజ్‌లు మోసే మరో సాఫ్ట్‌వేర్ కాఫ్కా అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడివి హెడర్లు కావు, ప్రొడ్యూసర్ సెట్టింగులు. అయినా చిక్కు ఇదే. 2021లో వచ్చిన 3.0లో యాక్స్, అంటే మెసేజ్ అందిందని ఎన్ని సర్వర్లు చెప్పేదాకా ఆగాలన్న సెట్టింగు, డిఫాల్టును 1 నుంచి ‘ఆల్’కు మార్చారు. ఒకే మెసేజ్ రెండుసార్లు పడకుండా చూసే ఐడెంపొటెన్స్‌ను కూడా డిఫాల్టుగా ఆన్ చేశామన్నారు. కానీ ఒక బగ్ వల్ల 3.0.0, 3.1.0లలో ఆ రెండోది నిజంగా ఆన్ కాలేదు. ఆ తర్వాతి సవరణల్లో సరిచేశారు. ఇప్పుడు నియమం ఇలా ఉంది: మీరు యాక్స్‌ను 1గా పెట్టి, ఐడెంపొటెన్స్ గురించి ఏమీ చెప్పకపోతే, అది చప్పుడు లేకుండా ఆఫ్ అవుతుంది. ‘ఐడెంపొటెన్స్ కావాలి’ అని మీరే రాసి, యాక్స్‌ను 1గా పెడితే, ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగుతుంది. విలువ రెండు చోట్లా ఒకటే, ‘ఆన్’. ఒకటి డిఫాల్టుగా వచ్చింది, ఇంకోటి మనిషి కోరింది. ఆ తేడాను లైబ్రరీ గుర్తుపెట్టుకుంది కాబట్టే అలా ప్రవర్తించగలుగుతోంది.

4.2కు మారినప్పుడు ఎవరికి తేడా, ఎవరికి కాదు

మళ్లీ మొదటి మార్పు దగ్గరికొద్దాం. దీని దెబ్బ అందరికీ తగలదు. 0-9-1 వాడేవాళ్లకు సంబంధం లేదు. ఏఎంక్యూపీ 1.0 వాడుతున్నా, మెసేజ్‌లు కోరం క్యూలోకి వెళ్తుంటే భయం లేదు, ఎందుకంటే అక్కడ గుర్తు ఎలా ఉన్నా మెసేజ్ డిస్క్ మీదికి వెళ్తుంది. రాబిట్ఎంక్యూ బృందం లైబ్రరీలు వాడుతుంటే వాటంతట అవే డ్యూరబుల్ అని రాస్తాయి.

మిగిలేది ఒక్క కూడలి: ఏఎంక్యూపీ 1.0, రాబిట్ఎంక్యూలోని పాత రకం క్యూ అయిన క్లాసిక్ క్యూ, ఏమీ చెప్పకపోతే హెడర్‌ను వదిలేసే లైబ్రరీ. కాటా గది సరిగ్గా ఆ కూడలిలో ఉందనుకోండి. పాత బ్రోకర్‌తో సీజన్ సాఫీగా గడిచింది. తర్వాత బ్రోకర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. మెసేజ్‌లు వెళ్తున్నాయి, అందుతున్నాయి. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయి సర్వర్ ఆగింది. అప్పటికి క్యూలో ఇంకా తీసుకోని లోడుల బరువులున్నాయి. సర్వర్ తిరిగి లేచేసరికి క్యూ ఉంది, అందులో మెసేజ్‌లు లేవు. డ్యూరబుల్ క్యూ అని పెట్టాం కదా అనుకుంటారు. క్యూ డ్యూరబుల్ కావడం వేరు, మెసేజ్ డ్యూరబుల్ కావడం వేరు, రెండూ ఉంటేనే మెసేజ్ నిలుస్తుంది.

పాత ప్రవర్తన తప్పా అంటే అక్కడా రెండు మాటలున్నాయి. క్యూకు ప్రత్యేక డిఫాల్టులు ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంది కాబట్టి, బ్రోకర్ మొత్తానికి ‘డ్యూరబుల్’ అన్న డిఫాల్ట్ పెట్టుకోవడం ఆ తోకలోకే వస్తుందని వాదించొచ్చు. మరోవైపు, ఎవరూ పైకి పెట్టని నియమాన్ని నియమం అనడం కష్టం. లైబ్రరీ రాసేవాళ్లు ప్రమాణం చదివి ‘కాదు’ అని అర్థం చేసుకుంటారు, బ్రోకర్ ‘అవును’ అంటుంది, కావాలని తాత్కాలిక మెసేజ్ పంపుదామనుకున్నవాళ్లకు డిస్క్ ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో అర్థం కాదు.

మధ్యలో ఇంకొకరు ఉంటే

కాటా గది బ్రోకర్ నుంచి మెసేజ్ తీసుకుని తిరుపతి బ్రోకర్‌కు అందించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. అందిన మెసేజ్ ఆబ్జెక్టునే మళ్లీ పంపేస్తే, ఎన్నిసార్లు విఫలమైందన్న లెక్క కూడా దాంతోపాటే వెళ్లొచ్చు. కొత్త క్యూలో ఒక్కసారి కూడా విఫలం కాని మెసేజ్, మూడుసార్లు విఫలమైనట్టు గుర్తుతో చేరి, మొదటి తడబాటుకే, అందించలేని మెసేజ్‌లను పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూలో పడుతుంది. కొత్త ఆబ్జెక్ట్ తయారుచేసి బాడీ మాత్రం కాపీ చేస్తే ఈ బాధ తప్పుతుంది గానీ, కాటా గది కావాలని రాసిన డ్యూరబుల్ గుర్తు అక్కడే రాలిపోతుంది. ఏఎంక్యూపీ 1.0 ప్రమాణం ఈ విభజనను ముందే చూసింది. పంపినవాళ్ల బాడీని, ప్రాపర్టీలను దారిలో ఎవరూ మార్చకూడదంటుంది. హెడర్‌ను మాత్రం మధ్యవాళ్లు మార్చే వీలుంచింది. కాబట్టి మధ్యలో ఉన్న ప్రోగ్రాం ఒక్కో గడినీ విడిగా చూడాలి: డ్యూరబుల్‌ను, ప్రయారిటీని వచ్చినట్టే, ఖాళీని ఖాళీగానే దాటించాలి, గడువులోంచి దారిలో గడిచిన సమయం తీసేయాలి, విఫలమైన లెక్కను కొత్తగా సున్నా నుంచి మొదలుపెట్టాలి.